గాలి ఖాళీగా ఉందని మోడల్ చెబితే నమ్మొచ్చా?

ఈమధ్య ఒక ఇంజినీరింగ్ కాలేజీకి ఎం.టెక్ వైవాలకు ఎక్స్‌టర్నల్‌గా వెళ్లాను. ఆ రోజు వచ్చిన ప్రాజెక్టుల్లో చాలావరకు ఒకే కోవలోవి: కాగ్నిటివ్ రేడియోలో డీప్ లెర్నింగ్‌తో స్పెక్ట్రమ్ సెన్సింగ్. అంటే వేరొకరికి లైసెన్స్ ఉన్న ఛానెల్ ఖాళీగా ఉన్నప్పుడు వాడుకునే రేడియోకి, ఆ ఖాళీని ఉదాహరణలు చూసి నేర్చుకున్న కంప్యూటర్ మోడల్‌తో పసిగట్టించడం. ఒకమ్మాయి చివరి స్లైడ్ మీద పెద్ద అక్షరాలతో 98 శాతం కచ్చితత్వం అని పెట్టింది. పని శ్రద్ధగా చేసింది. కోడ్ తనే రాసిందని రెండు ప్రశ్నలకే తెలిసిపోయింది.

"ఈ సిగ్నల్స్ ఎక్కడ రికార్డ్ చేశావమ్మా?" అన్నాను.

"రికార్డ్ చెయ్యలేదు సార్. సిమ్యులేషన్‌లో జనరేట్ చేశాం."

"ఇందులో ఛానెల్ ఎంతసేపు బిజీగా ఉంటుంది?"

"సగం సగం సార్. డేటా బ్యాలెన్స్ చేశాం."

"మరి ఆ రెండు శాతం తప్పుల్లో, ఛానెల్‌లో ఎవరో ఉండగా ఖాళీ అని చెప్పినవి ఎన్ని?"

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి పట్టిక వెతికింది. తప్పుల్లో ఎక్కువ భాగం అవే. అప్పటిదాకా ఆ గడి వైపు ఎవరూ చూడలేదు, చూడమని ఎవరూ చెప్పలేదు కూడా. గైడ్ గారు కాస్త ఇబ్బందిగా కదిలారు. ఆ పిల్ల మాత్రం నోట్‌బుక్ తీసి రాసుకుంది, అది నాకు బాగా నచ్చింది.

ఇంటికొచ్చాక కూడా ఆ గడి నన్ను వదల్లేదు. కాగ్నిటివ్ రేడియోకి మెషిన్ లెర్నింగ్ పనికొస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. కానీ దాన్ని మనం తప్పు కొలబద్దతో కొలుస్తున్నాం, తప్పు చోట వాడుతున్నాం. మోడల్ పొరబడినప్పుడు ఆ దెబ్బ తగిలేది లైసెన్స్ ఉన్నవాడికి. లెక్కలు అతని వైపు నుంచి మొదలవ్వాలి. అతనున్న అసలు గాలిని కొలిచి మొదలవ్వాలి.

తప్పుల్లో తేడా

సెన్సింగ్‌లో తప్పులు రెండు రకాలు. ఖాళీగా ఉన్న ఛానెల్‌ని బిజీ అనుకుంటే ఒక అవకాశం పోతుంది. నా వీడియో కాసేపు ఆగుతుంది, అంతే. బిజీగా ఉన్న ఛానెల్‌ని ఖాళీ అనుకుని ప్రసారం మొదలుపెడితే, అవతల విమానాల్ని చూస్తున్న రాడార్ తెర మీద గీతలు పడతాయి. ఈ రెండిటినీ కలిపి ఒకే శాతంగా చెప్పడం ఎంత మోసమో ఒక చిన్న లెక్క చూస్తే తెలుస్తుంది. లైసెన్స్‌దారు వందలో ఐదు సెకన్లే వాడే బ్యాండ్ తీసుకోండి. "ఎప్పుడూ ఖాళీయే" అని ఒక్క వాక్యం రాసి పెడితే ఆ ప్రోగ్రామ్‌కు 95 శాతం కచ్చితత్వం వస్తుంది. అది ఏమీ నేర్చుకోలేదు, ఏమీ వినలేదు. ఆ ఐదు సెకన్లూ నాశనం చేసింది.

"సార్, అందుకే కదా బ్యాలెన్స్ చేస్తాం" అంటారు పిల్లలు. నిజమే, ట్రైనింగ్‌కి అది మంచి పద్ధతే. కానీ ఫలితం చెప్పేటప్పుడు మళ్లీ గాలిలో ఉండే నిష్పత్తికి తిరిగి రావాలి. ఆ నిష్పత్తి తెలియాలంటే కొలవాలి. సిమ్యులేషన్‌లో అది మనం వేసిన అంకె.

వినడం అనుకున్నంత తేలిక కాదు

జోసెఫ్ మిటోలా 1999లో కాగ్నిటివ్ రేడియో గురించి రాసినప్పుడు ఆ ఊహ అందంగా ఉంది. రేడియో తన చుట్టూ ఏం జరుగుతోందో తెలుసుకుంటుంది, ఖాళీ చూసి వాడుకుంటుంది, అసలు యజమాని రాగానే తప్పుకుంటుంది. చిక్కంతా "తెలుసుకుంటుంది" అన్న దగ్గరే ఉంది.

మనం కాపాడాల్సింది సిగ్నల్‌ని అందుకునేవాణ్ని. మనకు వినపడేది పంపేవాడు. టీవీనే తీసుకోండి. ప్రసార టవర్ ఎక్కడో ఉంటుంది, నా పక్కింట్లో టీవీ పెట్టె ఉంటుంది. ఆ పెట్టె నోరు మెదపదు, అందుకోవడమే దాని పని. నేనున్న చోటికి టవర్ సిగ్నల్ ఏ మేడ చాటునో పడి రాకపోవచ్చు, పక్కింటి డాబా మీది యాంటెన్నాకు మాత్రం చక్కగా అందుతుండవచ్చు. నాకు వినపడలేదు కదా అని నేను అదే ఛానెల్‌లో ప్రసారం మొదలుపెడితే పోయేది వాళ్ల బొమ్మ. అందుకే 2008లో అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, టీవీ వైట్ స్పేస్ (ఖాళీ టీవీ ఛానెళ్లు) వాడుకునే పరికరాలకు అనుమతిస్తూ మైనస్ 114 డీబీఎం (సిగ్నల్ బలానికి కొలత) అంత సన్నటి సిగ్నల్‌ని కూడా పట్టాలని షరతు పెట్టింది. మామూలు టీవీ ఆ స్థాయి సిగ్నల్‌తో బొమ్మ చూపించలేదు. మేడ చాటున పోయేదాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, టీవీ కంటే మన పరికరం చెవి చాలా చురుగ్గా ఉండాలన్నారు.

సరే, ఎంత సన్నటి సిగ్నల్ అయినా ఎక్కువసేపు వింటే పట్టొచ్చు కదా? ఛానెల్‌లో ఎంత శక్తి ఉందో మాత్రమే కొలిచే ఎనర్జీ డిటెక్టర్‌తో అదీ కుదరదు. పరిశోధకులు రాహుల్ తాండ్రా, అనంత్ సహాయ్ 2008లో దీన్ని లెక్కగట్టి చూపించారు. గాలిలో నాయిస్, అంటే ఎవరూ ప్రసారం చేయకపోయినా ఉండే రొద, ఎంతో మనకు కచ్చితంగా తెలియదు, అటూ ఇటూ 1 డెసిబెల్ తేడా ఉండొచ్చు అనుకుందాం. అప్పుడు సిగ్నల్ ఆ నాయిస్ కంటే సుమారు 3.3 డెసిబెల్స్ కిందికి దిగిందంటే, గంటలకొద్దీ విన్నా ఉందో లేదో తేల్చలేం. అక్కడ గోడ కట్టేసినట్టే.

ఆ 1 డెసిబెల్ తేడా ఎక్కడినుంచి వస్తుందో చూడాలంటే పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. నా దగ్గర ఒక చవక ఆర్‌టీఎల్ డాంగిల్ ఉంది, కంప్యూటర్‌కి తగిలించే చిన్న రేడియో రిసీవర్, టీవీ చూడటానికి తయారైనది. దాన్ని డాబా మీద పెట్టి 150 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల చూస్తుంటాను. మధ్యాహ్నం స్క్రీన్ అడుగంతా ముదురు నీలం, అంటే నిశ్శబ్దం. చీకటి పడి వీధిలో లైట్లు వెలిగేసరికి ఆ నీలం పలచబడుతుంది, మధ్యలో వంకర్లు తిరుగుతూ ఒక మసక చార కదులుతుంది. పక్కింటి వాళ్ల మెట్ల దగ్గరి ఎల్ఈడీ బల్బు ఆపమని అడిగాను. బల్బు ఆపగానే చార మాయం, వేయగానే ప్రత్యక్షం. మధ్యాహ్నం రికార్డింగులతో ట్రైన్ చేసిన ఒక చిన్న మోడల్‌కి ఆ సాయంత్రం వినిపిస్తే, ఆ చార కనిపించినంతసేపూ ఎవరో మాట్లాడుతున్నారనే చెప్పింది. దాని తప్పేం లేదు, అది బల్బుల్ని ఎప్పుడూ చూడలేదు. సిమ్యులేషన్‌లో పుట్టి పెరిగిన మోడల్ బల్బుల్నే కాదు, మోటార్‌నీ, కేబుల్ టీవీ లీకేజీనీ, వర్షానికి తడిసిన కనెక్టర్‌నీ చూడలేదు.

అయితే ఇదే ఉదాహరణ మెషిన్ లెర్నింగ్ వైపు కూడా వాదిస్తుంది. ఎనర్జీ డిటెక్టర్‌కి బల్బూ రాడారూ ఒకటే, ఎంత శక్తి ఉందన్నదే దానికి తెలుసు. రెండూ చూపించి పెంచిన న్యూరల్ నెట్‌వర్క్ (డీప్ లెర్నింగ్ మోడల్) ఆకారం చూసి తేడా పట్టగలదు. చూపించాలి, అంతే.

డేటాబేస్ గెలిచింది కదా?

నాతో పనిచేసే ఒక సీనియర్ ఎప్పుడూ ఒక మాట అంటారు: "సెన్సింగ్ అనేది పేపర్లు రాయడానికి, డేటాబేస్ అనేది సరుకు అమ్మడానికి." వినడానికి బాధగా ఉన్నా చరిత్ర ఆయన వైపే ఉంది. ఎఫ్‌సీసీ 2008లో పెట్టిన సెన్సింగ్ షరతును 2010లో తనే తీసేసింది. పరికరం తానెక్కడుందో చెప్పి డేటాబేస్‌ని అడిగితే చాలంది. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఎక్కువ పవర్‌తో నడిచే వై-ఫైకీ అదే దారి. ఆ బ్యాండ్‌లో మైక్రోవేవ్ లింకులు ఎక్కడున్నాయో రికార్డుల్లో ఉంది కాబట్టి, ఏఎఫ్‌సీ అనే వ్యవస్థ లెక్కగట్టి ఈ ఛానెల్ వాడుకో, ఆ ఛానెల్ వద్దు అని చెబుతుంది. 2024 ఫిబ్రవరిలో అమెరికాలో ఆ వ్యవస్థలు పనిలోకి దిగాయి. ఇందులో ఎవరూ ఎవర్నీ చెవులు రిక్కించి వినాల్సిన పనిలేదు.

ఈ వాదనను నేను తేలిగ్గా తీసుకోను. టవర్ కదలదు, దాని చిరునామా తెలుసు. అలాంటప్పుడు చిరునామా చూడకుండా న్యూరల్ నెట్‌వర్క్ పెట్టి ఊహించడం తెలివితక్కువ పని. మన కాలేజీల్లో జరుగుతున్న ప్రాజెక్టుల్లో సగానికి ఈ ఒక్క ప్రశ్న వేస్తే చాలు: ఈ సంగతి అడిగి తెలుసుకునే వీలుందా? ఉంటే నేర్చుకోవడం ఎందుకు?

కానీ కొందరు యజమానులు చెప్పరు. చెప్పకూడదు కూడా.

నౌకల రాడార్ దగ్గర కథ మారింది

అమెరికాలో 3550 నుంచి 3700 మెగాహెర్ట్జ్ వరకున్న సీబీఆర్ఎస్ బ్యాండ్ ఇలాంటిదే. అక్కడ మొదటి హక్కు నౌకాదళ రాడార్లది. వాటి తర్వాత వేలంలో కొనుక్కున్నవాళ్లు, చివర్లో ఉచితంగా వాడుకునేవాళ్లు. 2020 వేలంలో ఆ మధ్య వరసకే 458 కోట్ల డాలర్లు వచ్చాయంటే ఆ గాలికి ఎంత గిరాకీ ఉందో ఊహించుకోవచ్చు. యుద్ధనౌక ఎప్పుడు ఏ తీరానికి వస్తుందో ముందే డేటాబేస్‌లో రాసిపెట్టమని నౌకాదళాన్ని ఎవరూ అడగలేరు. అందుకని తీరం పొడవునా సెన్సర్లు పెట్టారు. రాడార్ వినపడితే అవి కేంద్ర వ్యవస్థకు చెబుతాయి, అది కింది వాళ్లని ఆ ఛానెల్ నుంచి తప్పిస్తుంది. రాడార్ మొదలైన 60 సెకన్లలోపు వందకు 99 సార్లు పట్టాలన్నది సెన్సర్‌కు పెట్టిన పరీక్ష. ఆ షరతు రాసిన తీరు చూడండి. లైసెన్స్‌దారు ఉన్నప్పుడు ఎన్నిసార్లు పట్టావన్నదే అడుగుతోంది. మా వైవాల్లో కనబడాల్సిన అంకె అదీ.

ఈ బ్యాండ్ కోసమే అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చేసిన పని నాకు చాలా ఇష్టం. శాన్ డియాగో, వర్జీనియా బీచ్‌ల దగ్గర నౌకాదళ స్థావరాల పక్కన అసలు గాలిని రికార్డ్ చేశారు. ఒక్కోటి 60 సెకన్ల చొప్పున దాదాపు 15 వేల స్పెక్ట్రోగ్రామ్‌లు, అంటే ఏ ఫ్రీక్వెన్సీలో ఎప్పుడు ఎంత శక్తి ఉందో చూపే బొమ్మలు. విమానవాహక నౌకల మీద వాడే ఎస్‌పీఎన్-43 అనే పాత రాడార్ ఏ బొమ్మలో ఉందో, ఏ బొమ్మలో లేదో మనుషులు కూర్చుని చూసి గుర్తులు పెట్టారు. ఆ గాలి శుభ్రంగా లేదు, వేరే రాడార్ల నుంచి కారిన శక్తి అదే బ్యాండ్‌లోకి వచ్చి పడుతోంది. అచ్చం నా పక్కింటి బల్బులాగా, కాకపోతే చాలా బలంగా. దాని మీద డీప్ లెర్నింగ్ పద్ధతుల్ని ఎనర్జీ డిటెక్టర్‌తో పోల్చి 2019లో ఫలితాలు చెప్పారు. కొన్ని నెట్‌వర్కులు ఎనర్జీ డిటెక్టర్ని చాలా దూరంలో వదిలేశాయి. మెషిన్ లెర్నింగ్ ఇక్కడ గెలిచిందంటే తీరంలో యాంటెన్నా పెట్టి కూర్చున్నవాళ్ల పుణ్యమూ అందులో ఉంది.

ఇంతా చేసి ఇక్కడ కూడా వినడానికి ఒక ఖరీదుంది. సెన్సర్‌కు రాడార్ వినపడాలంటే దాని చుట్టుపక్కల నిశ్శబ్దంగా ఉండాలి. అందుకని సెన్సర్ చుట్టూ కొంత ప్రాంతంలో సీబీఆర్ఎస్ స్టేషన్లకు పవర్ తగ్గిస్తారు, కొన్నిచోట్ల అసలు ఒప్పుకోరు. వాడుకోవడానికి పెట్టిన చెవి కోసం వాడుక మానేయాల్సి వచ్చింది.

పైగా 2024 జూన్‌లో ఆ బ్యాండ్‌లో మరో 7.2 కోట్ల మంది ఉండే ప్రాంతాలకు ఆంక్షలు సడలాయి. దానికి ముఖ్య కారణం కొత్త రకం న్యూరల్ నెట్‌వర్క్ ఏమీ కాదు. సిగ్నల్ ఎంత దూరం వెళ్తుందో లెక్కగట్టే పద్ధతిని సరిచేశారు, ఇళ్లూ చెట్లూ ఎంత సిగ్నల్‌ని మింగుతాయో కలిపి చూశారు. ఇది చదివినప్పుడు నాకు మొదట నిరాశ కలిగింది. తర్వాత అనిపించింది, మెషిన్ లెర్నింగ్‌కి అసలైన పని ఇదే కదా అని. ఒక ఊళ్లో సిగ్నల్ ఎలా పాకుతుందో అన్నదానికి పుస్తకంలో ఫార్ములా ఉంటుంది. కానీ మన ఊళ్లలో రేకుల షెడ్లు, కొబ్బరితోటలు, ఒకదానికొకటి ఆనుకున్న అపార్ట్‌మెంట్లు ఆ ఫార్ములాకు తెలియవు. కొలతలు ఇస్తే మోడల్ వాటిని నేర్చుకుంటుంది. ఈ పనిలో మోడల్ పొరబడినా కొంత జాగా మిగిల్చి పెట్టుకోవచ్చు. క్షణక్షణం ప్రాణసంకటమయ్యే నిర్ణయాలు దాని చేతిలో పెట్టక్కర్లేదు.

అందరూ నేర్చుకుంటుంటే?

ఇప్పటిదాకా ఒక్క రేడియో గురించే మాట్లాడాను. పేపర్లలో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (చేసిన పనికి వచ్చే రివార్డ్, అంటే మార్కులు చూసి నేర్చుకునే పద్ధతి) ఎక్కువగా కనిపించేది రెండో భాగంలో: ఖాళీలున్నాయని తెలిశాక ఏ ఖాళీలోకి దూకాలి? ఒక్కటే నేర్చుకుంటుంటే బాగానే ఉంటుంది. పది రేడియోలు నేర్చుకుంటుంటే, నేను నిన్న నేర్చుకున్నది పక్కవాడు ఈరోజు మార్చేస్తాడు. మూడో ఛానెల్ ఖాళీ అని ఇద్దరికీ తెలిసి ఇద్దరూ అందులోకే వస్తారు, గుద్దుకుని ఇద్దరూ తప్పుకుంటారు, మళ్లీ ఇద్దరూ ఒకే చోట తేలతారు. ఎవరి మటుకు వారికి లాభం చూపించే రివార్డ్ ఇస్తే, గట్టిగా అరిచేవాడు గెలవడం నేర్చుకుంటాడు.

దీన్ని నిజంగా పరీక్షించింది అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా. 2016లో మొదలుపెట్టిన స్పెక్ట్రమ్ కొలాబరేషన్ ఛాలెంజ్ కోసం జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం ల్యాబ్‌లో కొలోసియం అనే పెద్ద ఎమ్యులేటర్ కట్టారు. దాంట్లో 256 యాంటెన్నాల మధ్య గాలిని కంప్యూటర్‌లో సృష్టించి, వేర్వేరు జట్ల రేడియోల్ని ఒకే బ్యాండ్‌లో వదిలారు. 2019 అక్టోబర్‌లో లాస్ ఏంజెలిస్‌లో ఫైనల్. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టు గేటర్‌వింగ్స్ 20 లక్షల డాలర్ల బహుమతి గెలిచింది.

నన్ను ఆకట్టుకుంది మార్కులు వేసిన పద్ధతి. ఆటలో ఏ ఒక్క జట్టు నెట్‌వర్క్ అయినా కనీస స్థాయికి చేరకపోతే, అందరికీ ఆ అట్టడుగు జట్టు మార్కులే. కాలువ నీళ్లు ఎలా పంచారో చివరి ఆయకట్టు పొలం చూసి తేల్చినట్టు. తల దగ్గర ఎకరాలకు ఎకరాలు పచ్చగా ఉన్నాయని లెక్క చెబితే ఒప్పుకోరు. ఈ ఒక్క నియమంతో రేడియోలు తమకు తాముగా తగ్గడం, తమ అవసరాలు ఒకరికొకరు చెప్పుకోవడం లాభమైంది. చెప్పుకోవడానికి ఒక ఉమ్మడి సందేశాల పద్ధతి కూడా పెట్టారు. అంటే అంత పెద్ద కృత్రిమ మేధ పోటీలో కూడా రేడియోలు మౌనంగా ఊహించుకోవడం ఒక్కటే సరిపోలేదు, మాట్లాడుకోవాల్సి వచ్చింది. మన పిల్లల ప్రాజెక్టుల్లో రివార్డ్ ఫంక్షన్ దాదాపు ఎప్పుడూ "నా త్రూపుట్" (నేను సెకనుకు పంపగలిగిన డేటా) ఒక్కటే. అక్కడ ఒక గీత మార్చి, అందరికంటే తక్కువ దక్కినవాడి త్రూపుట్ పెట్టి చూడమని అడుగుతుంటాను. ఫలితాలు పడిపోతాయి. పడిపోయిన ఆ ఫలితాలే రాయండి అంటాను.

మన దగ్గర

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ఏడో సెక్షన్ ఇంకొంచెం ముందుకెళ్లింది: ఒకరికి ఇచ్చిన స్పెక్ట్రమ్‌నే, వాళ్లకు అడ్డు రాకుండా, రెండో వారికి కూడా ఇవ్వొచ్చు. సరైన కారణం లేకుండా వాడకుండా ఉంచితే వెనక్కి తీసుకోవచ్చు. కాగ్నిటివ్ రేడియో పుస్తకాల్లో కనిపించే ప్రైమరీ (అసలు హక్కుదారు), సెకండరీ (ఖాళీలో వాడుకునేవాడు) ఇప్పుడు మన చట్టంలో ఉన్నారు.

మరి "వాడటం లేదు" అని తేల్చేది దేన్ని చూసి? ఐఐటీ బాంబే వాళ్లు 2014లో మన దేశంలో 470 నుంచి 590 మెగాహెర్ట్జ్ టీవీ బ్యాండ్ లెక్కలు తీశారు. దాదాపు ఎక్కడ చూసినా 15 ఛానెళ్లలో కనీసం 12 ఖాళీ. దూరదర్శన్ ఒక్కటే అక్కడ ప్రసారకర్త, టవర్లు ఎక్కడున్నాయో తెలుసు. ఆ ఖాళీతోనే మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లా పల్లెలకు ఇంటర్నెట్ తీసుకెళ్లి చూపించారు. ఆ తర్వాత 2022 మార్చి నాటికి ప్రసార భారతి పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను ఓ యాభై తప్ప మూసేసింది. అదే ఏడాది వేలంలో 600 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌కు ఒక్క బిడ్ రాలేదు. ఇక్కడ ఖాళీని కనిపెట్టడానికి ఏ న్యూరల్ నెట్‌వర్కూ అక్కర్లేదు, నిర్ణయం కావాలి. ఈ సంగతి ఒప్పుకోకుండా మెషిన్ లెర్నింగే పల్లెలకు స్పెక్ట్రమ్ తెస్తుందని చెప్పడం నాకు న్యాయంగా అనిపించదు.

మొబైల్ కంపెనీల బ్యాండ్ల దగ్గర మాత్రం పరిస్థితి వేరు. లైసెన్స్ దాదాపు ఒక రాష్ట్రమంత ప్రాంతానికి ఉంటుంది, వాడకం పట్నంలో ఒకలా, ఏజెన్సీ గ్రామంలో ఒకలా, జాతర నాలుగు రోజులూ ఇంకోలా. అక్కడ గంట గంటకూ మారే వాడకాన్ని ముందే అంచనా వేసే మోడల్ నిజంగా పనికొస్తుంది. ఆ డేటా కంపెనీల దగ్గరుంది, బయటికి రాదు. దేశమంతటా బయటినుంచి కొలవగలిగింది ప్రభుత్వమే. టెలికాం శాఖ కింద వైర్‌లెస్ మానిటరింగ్ ఆర్గనైజేషన్ ఉంది, గాలిని వినడమే దాని పని. ఆ కొలతల్లో పౌర బ్యాండ్ల వరకైనా, ఫలానా చోట ఫలానా బ్యాండ్ గంటకు ఎంతసేపు నిండుగా ఉందన్న పట్టిక విద్యార్థులకు దొరికేలా పెట్టాలని నేను అడుగుతున్నాను.

భద్రత సంగతేమిటని అడుగుతారు. సరైన ప్రశ్నే. అమెరికాలో కూడా తీర సెన్సర్లు నౌకల కదలికలు బయటపెట్టకూడదని కఠినమైన షరతులున్నాయి. విశాఖలో ఎవరో విద్యార్థి బీచ్ రోడ్డు మీద యాంటెన్నా పెట్టి రాడార్లు రికార్డ్ చేయాలని నేనూ కోరుకోను. రక్షణ బ్యాండ్లన్నీ పక్కన పెట్టేద్దాం. ఎఫ్ఎం ఉంది, టీవీ బ్యాండ్ ఉంది, లైసెన్స్ అక్కర్లేని 865 మెగాహెర్ట్జ్ ఉంది. కాలేజీ డాబా మీద ఒక డాంగిల్, ఒక పాత కంప్యూటర్, ఒక సెమిస్టర్ ఓపిక ఉంటే ఏ జిల్లాలోనైనా కొలత మొదలుపెట్టొచ్చు. యాంటెన్నా ఎంత ఎత్తులో ఉంది, గెయిన్ (సిగ్నల్‌ని రిసీవర్ ఎంత పెంచుతుందన్నది) ఎంత పెట్టారు, కరెంటు పోయిన గంటలేవి, చుట్టుపక్కల లైట్లు ఎప్పుడు వెలిగాయి అన్నవి కూడా ఫైల్ పక్కనే రాసి ఉంచాలి. రెండు కాలేజీలు ఇలా చేసి, ఒకరి గాలి మీద నేర్పిన మోడల్‌ని ఇంకొకరి గాలి మీద పరీక్షించుకుంటే, ఆ వచ్చిన శాతం 98 కంటే ఎంత తక్కువైనా సరే, దాన్ని నేను నమ్ముతాను.